కొండ దారిలో కూర్చునే పద్ధతి

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే కార్లలో ఒక ఆచారం స్థిరపడిపోయింది. పెందుర్తి, కొత్తవలస దాటేదాకా ముందు సీట్లలో ఇద్దరూ బుద్ధిగా బెల్టు పెట్టుకుంటారు. అక్కడ పోలీసులుంటారు, కెమెరాలుంటాయి. శృంగవరపుకోటలో టిఫిను ముగించి బొడ్డవర దాటి కొండ మొదలయ్యేసరికి ఆ బెల్టు ఊడిపోతుంది. వెనక సీటులో అది మొదటి నుంచీ లేనే లేదు. టైడా, డముకు వచ్చేటప్పటికి కారులో ఎవరి చోటు ఎవరిదో చెప్పడం కష్టం. చిన్నవాడు ముందు సీటులో నాన్న ఒళ్లోకి చేరి ఉంటాడు. పెద్దపిల్ల సన్‌రూఫ్ తెరిపించి నడుము దాకా బయటికి లేచి ఉంటుంది. వాంతుల భయంతో అమ్మమ్మ వెనక అడ్డంగా ఒరిగి ఉంటుంది. లోయ ఎడమవైపు ఉంటే అందరూ ఎడమకి, కుడివైపు ఉంటే అందరూ కుడికి. సరదాకి బయల్దేరిన కుటుంబాన్ని తప్పుపట్టడం నాకూ ఇష్టం లేదు. కాని మైదానంలో జాగ్రత్త, కొండ మీద విశ్రాంతి అనే ఈ పద్ధతి పూర్తిగా తలకిందులైనది. కారులో రక్షణ పేరుతో అమర్చిన సాధనాలన్నీ ఒకే ఒక్క ఊహ మీద తయారయ్యాయి: మనిషి తన సీటులో, వీపు ఆనించి, బెల్టు పెట్టుకుని ఉన్నాడని. ఆ ఊహ తప్పితే మిగతావన్నీ పనిచేయడం మానేస్తాయి. కొన్నయితే ఎదురు తిరుగుతాయి. ఆ ఊహ అన్నిటికంటే ఎక్కువగా తప్పేది, తప్పకూడనిది కూడా, ఘాట్ రోడ్డులోనే.

దీనికి జవాబు అందరి నోటా సిద్ధంగా ఉంటుంది. ఘాట్‌లో ముప్పై, నలభైకి మించి ఎవరు పోతారు, ఆ మాత్రానికి బెల్టెందుకు అని. వేగం తక్కువన్న మాట నిజమే. అయితే గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న మనిషి కొండరాతికి తగిలి ఆగడమూ, ఆరు మీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి నేల మీద పడటమూ ఒకటే. హైస్కూలు భౌతికశాస్త్రం చాలు ఈ లెక్కకి. రెండంతస్తుల డాబా మీద నుంచి దూకమంటే దూకని మనిషి, అదే ఎత్తుకు వేగమని పేరు మార్చేసరికి చులకన చేస్తాడు. అదీగాక కొండ మీద ప్రమాదం గుద్దుకోవడంతో ఆగదు. మైదానంలో గుద్దుకున్న కారు అక్కడే నిలిచిపోవచ్చు, అనంతగిరి ఘాట్‌లో పిట్టగోడ దాటిన బండి దొర్లుతుంది. 2021 ఫిబ్రవరి 12 సాయంత్రం, అరకు చూసి తిరిగొస్తున్న హైదరాబాద్ పర్యాటకుల బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు, వారిలో ఒకరు పసిబిడ్డ. 2023 ఆగస్టు 20న పాడేరు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి ఇద్దరు పోయారు. దొర్లే బండిలో సీటుకు కట్టుబడని మనిషికి పైకప్పు, తలుపు, పక్కనున్న మనిషి, అన్నీ వరసగా తగులుతాయి. ఆ తర్వాత పగిలిన అద్దంలోంచి బయట పడతాడు, అదే బండి తన మీద దొర్లే చోటికి. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి, 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నటుడు నందమూరి హరికృష్ణ, బోల్తాపడ్డ కార్లలోంచి బయటికి ఎగిరిపడ్డారు. ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదనే అప్పటి వార్తలు చెప్పాయి. ఆ రెండు చోట్లా రోడ్డు చదునే, పక్కన లోయ లేదు.

బెల్టు గురించి ఘాట్‌లో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది, అది నాకు భలే ఇష్టం. ‘ఈ బెల్టు కొండ ఎక్కేటప్పుడు పట్టేస్తుందండీ, లాగితే రాదు, పాడైపోయినట్టుంది’ అంటారు. అది పాడైపోలేదు. బెల్టు చుట్టుకునే రీలు లోపల చాలా కార్లలో చిన్న ఉక్కు గుండు ఉంటుంది. బండి హఠాత్తుగా ఆగినా, ఒక పక్కకు బాగా ఒరిగినా ఆ గుండు కదిలి రీలుకు తాళం పడుతుంది. ఏటవాలులో నిలిపిన కారులో బెల్టు బయటికి రాకపోవడానికి కారణం అదే. అంటే కారు వాలిందన్న సంగతి మనకంటే ముందు బెల్టుకు తెలిసిందన్నమాట. నడుముకూ భుజానికీ కలిపి మూడు చోట్ల బిగించే ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. అంతకుముందు ఆయన సాబ్ కంపెనీలో యుద్ధ విమానాల నుంచి పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే యంత్రాలు తయారుచేశాడు. మనిషిని బయటికి పంపడం తెలిసినవాడే లోపల నిలిపి ఉంచడమూ కనిపెట్టాడు. వోల్వో ఆ పేటెంటును తాళం వేసి దాచుకోకుండా అన్ని కంపెనీలనూ వాడుకోనిచ్చింది. అది ఒక్క చేత్తో, ఒక్క క్షణంలో పెట్టుకోగలగాలన్నది బోలిన్ పట్టుదల. పట్టీ కిందిభాగం పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, పైభాగం మెడకు దూరంగా భుజం ఎముక మీద ఉంటేనే దెబ్బ భారాన్ని గట్టి ఎముకలు మోస్తాయి. చీర కుచ్చిళ్ల మీదుగా పొట్టకు చుట్టిన బెల్టు, చంక కిందుగా తీసిన బెల్టు పోలీసును మాత్రమే తృప్తిపరుస్తాయి.

వెనక కూర్చున్నవాళ్లకు ముందు సీటే అడ్డు కదా అనే ధీమా మన దేశంలో గట్టిది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడకు గుద్దుకుంది. వెనక సీటులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. వాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందున్న ఇద్దరూ తీవ్రంగా గాయపడినా బతికారు. అదే కారు, అదే దెబ్బ. ఆ ఏడాది దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక లెక్క చెప్పింది. అందులో డ్రైవర్లు 8,384 మంది, ప్రయాణికులు 8,331 మంది. దాదాపు చెరిసగం. చట్టం కూడా వెనకవాళ్లను వదిలిపెట్టలేదు, ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లకూ బెల్టు తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. చట్టం ఇలా ఉంటే మన తెలివి ఇంకోలా పనిచేసింది. బెల్టు పెట్టుకోమని కారు కూతపెడుతుంటే ఆ కూత ఆపడానికి ఉత్తి బకిల్ ముక్కను గాడిలో దోపే క్లిప్పులు బజారులోకి వచ్చాయి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించాక అయిదు ఆన్‌లైన్ అంగళ్ల నుంచి తీసేసిన ఆ క్లిప్పుల ప్రకటనలు 13,118. యంత్రాన్ని మోసం చేయడానికి డబ్బు పెట్టి కొనే వస్తువు ఇది. మోసపోయేది మాత్రం యంత్రం కాదు.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని మాత్రం కొట్టిపారేయను. లోయలో పడ్డాకో, కారు అంటుకున్నాకో బెల్టు ఊడకపోతే గతేమిటి అన్న భయం. మనిషి ఊహ ఎప్పుడూ ఇలాంటి చివరి దృశ్యాన్నే చూస్తుంది. కాని ఆ దృశ్యానికి ముందు దొర్లడం అనే ఘట్టం ఒకటుందని మరిచిపోతుంది. ఎర్ర మీట నొక్కి బకిల్ ఊడదీసుకోవడానికి మనిషికి స్పృహ ఉండాలి, చేతులు పనిచేయాలి. ఆ రెంటినీ మిగిల్చేది బెల్టే. తలకు దెబ్బ తగిలి పడివున్నవాడికి తలుపు తెరిచి ఉన్నా ప్రయోజనం లేదు. ఎక్కడో ఒకచోట ఒకరు బెల్టు లేకపోవడం వల్లే బతికారన్న కథ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఆ కథ చెప్పడానికి మిగిలినవాళ్లే చెబుతారు కాబట్టి అలాంటి కథలు ఎక్కువగా వినపడతాయి. బెల్టు వల్ల మరణించే ప్రమాదం సగం దాకా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. సగం అంటే పూర్తి కాదు, నిజమే. వంద అడుగుల లోయకు ఏ పట్టీ కూడా హామీ కాదు. అయితే ఘాట్‌లో జరిగేవన్నీ వంద అడుగుల పతనాలు కావు. మలుపులో ఎదురుబండికి గీసుకోవడం, కాలవలో చక్రం దిగి పక్కకు ఒరగడం, పదిహేను అడుగుల కింద కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టుకు ఆనుకుని ఆగడం, ఇలాంటివే ఎక్కువ. బతకవలసిన చోట చావకుండా చూడటమే బెల్టు పని.

సీటును మనం సోఫాలా చూస్తాం. తిరుగు ప్రయాణంలో బొంగులో చికెన్ తిన్న బరువుతో ముందు సీటును పడకలా వాల్చి నిద్రపోవడం చాలామందికి అరకు యాత్రలో భాగం. వాలిన సీటులో భుజం పట్టీ ఒంటికి తగలకుండా గాలిలో వేలాడుతుంది. బండి ఆగితే మనిషి నడుము పట్టీ కిందుగా జారిపోతాడు, పట్టీ పొట్టలోకి దిగుతుంది. తల ఆనించే దిండు ఉన్నది నిద్ర కోసమేనని నమ్మేవాళ్లు దాన్ని పూర్తిగా కిందికి దించి వదిలేస్తారు. అసలు అది వెనక నుంచి దెబ్బ తగిలినప్పుడు మెడ విరక్కుండా ఆపేది, దాని మధ్యభాగం చెవుల ఎత్తుకు రావాలి. ఎయిర్‌బ్యాగ్ సంగతి మరీ చిత్రం. 2019 జూలై నుంచి డ్రైవరుకు, ఆ తర్వాత పక్క సీటుకు కూడా అది తప్పనిసరి అయ్యేసరికి బెల్టు అవసరం తీరిపోయిందనుకున్నవాళ్లు ఎందరో. అది రెప్పపాటు కంటే తక్కువ కాలంలో పేలినట్టుగా ఉబ్బుతుంది. బెల్టుతో వెనక్కి ఆనుకుని ఉన్నవాడికి అది ఆసరా. ముందుకు తూలినవాడికి గుద్దు. డాష్‌బోర్డు మీద కాళ్లు చాపుకున్నవాడికి మోకాళ్లను మొహం మీదికి తెచ్చే సాధనం. ఒళ్లో కూర్చోబెట్టుకున్న పిల్లాడి విషయం రాయడానికే చేయి రాదు: వెనక నుంచి నాన్న బరువు, ముందు నుంచి ఎయిర్‌బ్యాగ్ దెబ్బ, మధ్యలో వాడు. సీటు పక్కభాగంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకు మందపాటి తోలు కవర్లు కుట్టించి దాని దారి మూసేయడం కూడా మన ముచ్చటల్లో ఒకటి.

ఇక మీటలు. అద్దాలు, తాళాలు, సన్‌రూఫ్, అన్నీ వేలితో నొక్కితే పనిచేసేవి. వేలితో నొక్కితే పనిచేసేదాన్ని మనిషి ప్రమాదకరమైనదిగా గుర్తించడు. చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్న రోజుల్లో పిల్ల మెడ అద్దానికీ చట్రానికీ మధ్య పడితే తిప్పే చేతికి తెలిసేది; మోటారుకు కొన్ని కార్లలోనే తెలుస్తుంది. డ్రైవరు తలుపు మీద వెనక అద్దాలను కట్టివేసే బొత్తాం ఒకటి ఉంటుంది. పిల్లలున్న కారు కొండెక్కేముందు నొక్కవలసింది దాన్నే. ఘాట్ మీది గాలికొండ దగ్గర సన్‌రూఫ్‌లోంచి లేచి నిలబడ్డ పిల్లకు అప్పుడు సీటూ లేదు, బెల్టూ లేదు, కారే లేదు. ఉన్నది నడుము చుట్టూ ఒక లోహపు అంచు, పైన వంగిన కొమ్మలు. తాళాల విషయంలో భయపడవలసింది ఆగిన కారుకి. 2025 మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు తెరుచుకోక ఊపిరాడక చనిపోయారు. అరకు దారికి అది పెద్ద దూరం కాదు. సెంట్రల్ లాకింగ్ ఉన్న కార్లలో కరెంటు పోయినా లోపలి నుంచి చేత్తో తెరుచుకునే వీలుండాలని 2019 నిబంధనల్లోనే ఉంది. అయితే ఆ మీట ఎక్కడుందో, వెనక తలుపుకు చైల్డ్ లాక్ వేసి ఉంటే ముందు తలుపు నుంచి ఎలా రావాలో, హారన్ మీద చేయి పెట్టి ఎలా పిలవాలో పిల్లలకు చెప్పిన ఇల్లు ఎన్ని? అక్షరాలు దిద్దించినట్టే దిద్దించాల్సిన పాఠం ఇది. కారు లేని ఇంటి పిల్లలకు కూడా.

దిగుడులో ఇంజిన్ ఆపేసో, న్యూట్రల్ కొట్టో బండిని వదిలేసే అలవాటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేర్పుగా భావించేవాళ్లున్నారు. గాలికొండ నుంచి బొడ్డవర దాకా పెట్రోలు ఖర్చు లేకుండా దిగిపోయామని గొప్పగా చెప్పుకుంటారు. బ్రేకు తేలిగ్గా పడటానికి కారణం ఇంజిను నడుస్తున్నంతసేపూ దానికి అందే వాక్యూమ్ సాయం. ఇంజిను ఆగాక ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా మిగిలి ఉంటుంది, తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. తాళంచెవి బయటికి తీసిన తెలివిగలవాడికి స్టీరింగు పూర్తిగా బిగుసుకుపోవచ్చు, అది కూడా హెయిర్‌పిన్ మలుపులో. ఇంజిను ఆగకుండా న్యూట్రల్‌లో దిగినా భారమంతా బ్రేకుల మీదే పడి అవి కాగిపోతాయి, కాగిన బ్రేకు పట్టదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల సూత్రం అందుకే పుట్టింది. పెట్రోలు ఆదా అన్న వాదన ఒకప్పటి కార్బురేటర్ బండ్లకు కొంత చెల్లిందేమో. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనం సరఫరానే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిను ఆగకుండా ఉండటానికి కొంత తాగుతూనే ఉంటాయి. అంటే ఆదా చేద్దామనుకున్నవాడే ఖర్చు పెడుతున్నాడు. పొగమంచులో నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించి నడపడం ఇలాంటిదే మరొకటి: ఎటు తిరుగుతున్నామో చెప్పే దీపాన్ని మనమే మూగచేసుకుంటాం.

ఇంతదాకా వచ్చాక అసలైన అభ్యంతరం ఎదురవుతుంది. ఎయిర్‌బ్యాగులు, సన్‌రూఫులు ఎవరివి? ఆ ఘాట్ ఎవరిది? వారపు సంత రోజున పసుపు, మిరియాలు, చింతపండు మూటలతో జీపులో లోపల పదిహేను మంది, వెనక వేలాడుతూ కొందరు, పైకప్పు మీద ఇంకొందరు వెళ్తుంటే, పక్కనుంచి పోయే కారులోని బెల్టు గురించి వ్యాసాలు రాయడం విడ్డూరం కాదా? విడ్డూరమే, బెల్టు గురించి మాత్రమే రాసి ఊరుకుంటే. నా వాదన సీటు గురించి. జీపు పైకప్పు మీదున్న గిరిజన రైతుకు లేనిది బెల్టు కంటే ముందు సీటు. దానికి ఆయన అజాగ్రత్త కారణం కాదు. సంత వారానికి ఒకసారి, బస్సు ఎప్పుడోగాని రాదు, సరుకు అమ్ముడుపోకపోతే వారం గడవదు. అదే మన్యంలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చే పల్లెలు ఇంకా ఉన్నాయి. రోడ్డు లేని ఆ పల్లెలకు బాట వేయడానికే 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టారు. బాట పడ్డాక దాని మీద తిరిగేది ఏమిటి? మళ్లీ ఆ పైకప్పు జీపే అయితే కాలిబాట ప్రమాదాన్ని తారు రోడ్డు ప్రమాదంగా మార్చినట్టవుతుంది. సంత రోజుల్లో సరుకు వేసుకునే వీలున్న బస్సులు పెంచడం అక్కడి రక్షణ సాధనం. జీపు డ్రైవరుకు జరిమానా రాసి పంపడం సులువు, పైకప్పు మీది మనిషి మాత్రం ఇంకో జీపు పైకప్పు ఎక్కుతాడు. ఎంపిక లేనివాడిని చూపించి, ఎంపిక ఉన్నవాడు బెల్టు పెట్టుకోకుండా తప్పించుకోవడం మాత్రం నాకు నచ్చదు.

పైగా ఈ కొండల్లో రోడ్డు మారుతోంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు సాగే 516ఇ జాతీయ రహదారిని వెడల్పు చేస్తున్నారు. ఇన్నాళ్లూ ఘాట్‌లో నెమ్మదిగా పోయామంటే అందులో మన వివేకం కంటే రోడ్డు ఇరుకుదనం పాలే ఎక్కువ. రోడ్డు విశాలమైతే నలభై అరవై అవుతుంది. అరవైలో గుద్దుకోవడమంటే పద్నాలుగు మీటర్ల ఎత్తు నుంచి పడటం. కారులో వేగం హెచ్చరిక ఎనభై దాటితేగాని మోగదు, మలుపు సంగతి దానికి తెలియదు. నెమ్మదిగా పోతామన్న సాకు కొంతకాలానికి మిగలదు. అలవాటు మాత్రం వెంటనే మారదు, అందుకని ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

వాంతులయ్యే వాళ్లను పడుకోబెట్టకండి, కిటికీ పక్కన నిటారుగా కూర్చోబెట్టి దూరంగా చూడమనండి, మధ్యలో రెండుసార్లు ఆగండి. లోయ చూడాలనిపిస్తే వ్యూ పాయింట్ దగ్గర దిగి తీరిగ్గా చూడండి. చాలా కార్లలో వెనక సీటు బకిళ్లు సీటు కవరు కిందికి పోయి ఏళ్లుగా వెలుగు చూడలేదు. శృంగవరపుకోటలో టిఫిను అయ్యాక కారెక్కే ముందు వాటిని పైకి లాగి, కూర్చున్న అందరికీ పెట్టి, అప్పుడు బయల్దేరండి.